తాటిటెంకలు పారేయకండి: పండు ఏరుకోవడం నుంచి తేగ ఒలుచుకోవడం దాకా

ఏటా శ్రావణం దాటగానే నన్ను అందరూ అడిగే ప్రశ్నలు ఇవే. "తాటిపండు గుజ్జు చేదొచ్చింది, ఇక పనికిరాదా?" "టెంకలు పాతి రెండు నెలలైంది, ఒక్క మొలకా పైకి రాలేదు, తవ్వి పారేయమంటారా?" "తేగలు గంటసేపు ఉడకబెట్టినా పీచులాగే ఉన్నాయి, ఎందుకు?" "మాది అపార్ట్‌మెంటు, డాబా మీద వస్తాయా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడే రాస్తున్నాను.

ముందుగా నా మనసులో మాట. చాలామంది గుజ్జు తీసుకుని టెంకల్ని చెత్తబుట్టలో వేస్తున్నారు. ఆ పండులో సగం తిండి టెంకలోనే ఉంది. దాన్ని ఇసుకలో పెట్టి నాలుగు నెలలు ఓపిక పడితే తేగ అవుతుంది. తెలంగాణలో కొన్ని చోట్ల గేగులంటారు. మందు కొట్టక్కర్లేదు, ఎరువు వేయక్కర్లేదు.

కావలసినవి

పండిన తాటిపండ్లు పది. పండుకు మామూలుగా మూడు టెంకలుంటాయి, కొన్నింట్లో రెండు, ఎక్కడైనా ఒక్కటే. పది పండ్లకు పాతిక టెంకలకు తగ్గవు.

ఇసుక, లేదా ఇసుక పాలు ఎక్కువున్న గుల్ల మట్టి. అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తు దిబ్బకు సరిపడా. పెరడు లేనివాళ్ళకు అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ము గానీ, మూడు నాలుగు సిమెంటు సంచులు గానీ. సంచుల్ని ముందు శుభ్రంగా దులిపి కడగండి.

చిన్న గునపం, మొండి కత్తి, గుజ్జు వడకట్టడానికి పాత పంచె ముక్క, పెద్ద గిన్నె లేదా కుక్కరు. కాల్చుకోవాలనుకుంటే పాత మట్టికుండ.

మొదటి భాగం: పండు ఏరుకోవడం, గుజ్జు తీయడం

1. తెల్లవారుజామునే వెళ్ళండి. వేసవిలో ముంజలకు కోయగా మిగిలిన కాయలు శ్రావణ భాద్రపదాల్లో, అంటే ఆగస్టు సెప్టెంబరుల్లో పండి వాటంతటవే రాలతాయి. రాత్రి రాలిన పండును పొద్దున్నే తీసుకుంటే తాజాగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఈగలు, చీమలు, పశువులు వాటా తీసుకుంటాయి. కాయలు పెంటితాటికే (ఆడచెట్టుకే) కాస్తాయి, పోతుతాటి (మగచెట్టు) కింద వెతికి లాభం లేదు.

చెట్టు ఎవరిదో కనుక్కుని అడిగే తీసుకోండి. చేలగట్ల మీది చెట్లకు రైతుంటాడు, చాలాచోట్ల గీత కార్మికులుంటారు. రాలిన పండు వద్దనేవాళ్ళు తక్కువ. అయినా అడగడం మర్యాద.

జాగ్రత్త: ఒక్కో పండు కిలో, కిలోన్నర తూగుతుంది. గాలి వీస్తున్నప్పుడు చెట్టు కిందికి వెళ్ళకండి, పిల్లల్ని అసలు తీసుకెళ్ళకండి. ఎండు మట్టల అంచులు రంపంలా కోస్తాయి. రాలిన ఆకుల కింద తేళ్ళు, పాములు ఉంటాయి కాబట్టి ముందు కర్రతో కదిపి, తర్వాతే చెయ్యి పెట్టండి.

2. పండును చూసి ఎంచుకోండి. బాగా పండినదైతే నాలుగడుగుల దూరం నుంచే వాసన వస్తుంది. తొక్క నల్లగా ఉండి, బొటనవేలితో నొక్కితే కొంచెం దిగాలి. తొడిమ దగ్గరి ముచ్చికలు చేత్తో లాగితే ఊడిరావాలి. పులిసిన కల్లు వాసన వస్తున్నా, నురగ కనిపిస్తున్నా గుజ్జుకు వద్దు. టెంకల కోసం మాత్రం దాన్నీ తెచ్చుకోవచ్చు.

చెట్టు మీది పచ్చికాయ కోసి మాగబెట్టే ప్రయత్నం చేయకండి. గుజ్జు చేదెక్కుతుంది, టెంక మొలవదు.

3. గుజ్జు తీయండి. పండు కడిగి, ముచ్చికలు తీసి, నల్లతొక్క చేత్తో ఒలవండి. టెంకలు విడదీసి, చెయ్యి తడి చేసుకుంటూ వెదురుబుట్ట వెనకవైపు గానీ చిల్లుల గిన్నె మీద గానీ రుద్దండి. నీళ్ళు గుమ్మరించకండి. పలచనైన గుజ్జుతో రొట్టె కుదరదు. పీచు పోయేలా ఒకసారి వడకట్టండి.

4. కొంచెం నాలుకకు రాసుకుని చూడండి. చేదుంటే గుజ్జును పంచె ముక్కలో మూటగట్టి నాలుగైదు గంటలు వేలాడదీయండి. కారే నీళ్ళతోపాటు చేదు చాలావరకు పోతుంది. తర్వాత అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని సెగ మీద, కలుపుతూ, సగానికి దగ్గరపడే దాకా ఉడికించండి. అప్పటికీ చేదే అయితే అది ఆ చెట్టు గుణం. వచ్చే ఏడు ఆ చెట్టు పండ్లు టెంకలకే వాడుకోండి. ఏ చెట్టు తీపి, ఏది చేదు అన్నది ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలుసు, వాళ్ళనడగండి.

గుజ్జు ఆ రోజే వాడాలి, మర్నాటికి పులుస్తుంది. ఎక్కువుంటే చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

దాంతో ఏం చేయాలో మీకు తెలుసు కాబట్టి కొలతలు మాత్రం చెబుతాను. తాటిరొట్టెకు రెండు కప్పుల గుజ్జు, రెండు కప్పుల బియ్యపు రవ్వ, కప్పు బెల్లం తురుము, అరకప్పు పచ్చికొబ్బరి, నాలుగు ఏలకులు, చిటికెడు ఉప్పు. అన్నీ కలిపి రెండు గంటలు నాననివ్వాలి, రవ్వ పొడిగా ఉండిపోతే రొట్టె పలుకుపలుకుగా ఉంటుంది. మందపాటి మూకుడులో నెయ్యి రాసి, మూతపెట్టి, బాగా సన్నని సెగ మీద అరగంట, తిరగేసి ఇంకో పది నిమిషాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. రొట్టె మాడిందని బాధపడేవాళ్ళందరిదీ ఒకటే తప్పు, సెగ పెద్దది పెట్టడం. ఇదే పిండిని ఇడ్లీ పళ్ళేల్లో ఆవిరి మీద ఉడికిస్తే నూనె, నెయ్యి తినకూడనివాళ్ళకు బాగుంటుంది.

రెండో భాగం: టెంకలు పాతడం

5. టెంకలు ఏరండి. గుజ్జు తీశాక టెంక చుట్టూ పీచు మిగులుతుంది, దాన్ని గీకి శుభ్రం చేయక్కర్లేదు. చిల్లులు పడ్డవి, చేతిలో బెండులా తేలిగ్గా ఉన్నవి తీసేయండి. మిగతావాటిని నీడలో ఆరేసి వారంలోపు పాతిపెట్టండి. నెలల తరబడి ఎండలో పడేస్తే మొలకెత్తే శక్తి పోతుంది.

6. దిబ్బ కట్టండి. ఈ పని మొత్తంలో దీనికి మించిన మెట్టు లేదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

తాటి మొలక మిగతా విత్తనాల్లా పైకి రాదు. టెంకలోంచి ఒక తెల్లటి కాడ బయటికొచ్చి నేరుగా భూమిలోకి దిగుతుంది. కిందికి పోయాక ఆ కాడ చివర్లో తేగ ఊరుతుంది. అంటే మీ పంట టెంకకు పైన కాదు, కింద. టెంక అడుగున ఒకటిన్నర రెండడుగుల గుల్ల మట్టి లేకపోతే దిగే కాడకు గట్టినేల తగిలి తేగ వంకర తిరుగుతుంది, పొట్టిగా, గిడసబారి ఉంటుంది. బాపట్ల, చీరాల వైపు సముద్రపు ఇసుక నేలల్లో తేగలు నిటారుగా, నున్నగా రావడానికి కారణం కూడా ఇదే.

కాబట్టి గొయ్యి తవ్వి టెంకల్ని లోతున పెట్టకండి. నేల మీదే ఇసుక మట్టి పోసి రెండడుగుల ఎత్తు దిబ్బ చేసి, దాని నెత్తిన టెంకలు పరచండి. మీది నల్లరేగడైతే అందులో నేరుగా పెట్టే ఆలోచనే మానుకోండి. నేను పట్నం వచ్చిన మొదటి ఏడు పూలకుండీల మట్టి కొని డ్రమ్ములో కూరి పాతాను. సంక్రాంతికి తవ్వబోతే మట్టి ఇటుకలా బిగుసుకుని, పాతికలో ఇరవై తేగలు మధ్యకు విరిగిపోయాయి. ఆ ముక్కల్లో మట్టి దూరి ఉడకబెట్టడానికి కూడా పనికిరాలేదు. ఆ మరుసటి ఏడు నుంచి ఇల్లు కట్టే చోట మిగిలిన ఇసుక అడిగి తెచ్చుకుంటున్నాను.

డ్రమ్ము గానీ సంచి గానీ అయితే రెండడుగుల లోతుకు తగ్గకూడదు. మూడొంతులు ఇసుక, ఒక వంతు మట్టి కలిపితే చాలు. అడుగున చిల్లులు తప్పనిసరి. నిండిన డ్రమ్ము చాలా బరువు, డాబా మధ్యలో కాకుండా కింద గోడ ఉన్న వైపు పెట్టండి.

7. టెంకలు పరచండి. ఒకదానికొకటి తగిలేలా పక్కపక్కనే, ఒకే వరసగా. ఏ వైపు కిందికి, ఏ వైపు పైకి అని సతమతం కావద్దు. అడ్డంగా పడుకోబెట్టండి, కాడ తన దారి తనే చూసుకుంటుంది. పైన బెత్తెడు మట్టి కప్పి, తాటాకో, ఎండుగడ్డో, కొబ్బరి మట్టలో పరిస్తే తడి నిలుస్తుంది, పందికొక్కులూ కొంత తగ్గుతాయి. పందికొక్కుల బెడద ఎక్కువున్నచోట ఇనప జాలీ కప్పి రాళ్ళు పెట్టండి.

8. నీళ్ళు. వానలున్నన్ని రోజులు మీరు చేసేదేమీ లేదు. వాన వెనక్కి తగ్గాక వారానికి రెండుసార్లు తడపండి. పిడికెడు మట్టి తీసి పిండితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. నీళ్ళు నిలిస్తే టెంక కుళ్ళి పుల్లటి వాసన వస్తుంది. అలా వస్తే గడ్డి తీసేసి, నాలుగు రోజులు ఆరనివ్వండి.

9. తవ్వి చూడకండి, ఒకటి తప్ప. "రెండు నెలలైంది, ఏమీ మొలవలేదు" అని అడిగేవాళ్ళకు ఇదే జవాబు. పైకి ఏమీ కనిపించకపోవడమే సరైన సంగతి. నెలన్నరకు అంచున ఉన్న ఒక్క టెంక మీది మట్టిని చేత్తో తప్పించి చూడండి. టెంక నుంచి తెల్లటి కాడ కిందికి దిగి ఉంటే అన్నీ బాగున్నట్టే, మళ్ళీ కప్పేయండి. ఏమీ లేకపోతే ఇంకో మూడు వారాలు ఆగండి.

ఈ దశలోనే మొలకెత్తిన టెంకలు రెండు మూడు బయటికి తీసి, మొండి కత్తితో రెండు చెక్కలుగా కొట్టండి. లోపల తెల్లగా, దూదిలా మెత్తగా, తియ్యగా ఉండేదే బుర్రగుంజు. చెంచాతో తీసుకుని అప్పటికప్పుడు తినేయాలి, నిలవుండదు. టెంకను ఎప్పుడూ చేత్తో పట్టుకుని కొట్టకండి. మొద్దు మీద గుంటలో నిలబెట్టి కొట్టండి. జారిందంటే వేళ్ళు పోతాయి.

మూడో భాగం: తవ్వడం

10. సమయం. పాతినప్పటి నుంచి మూడున్నర నాలుగు నెలలు. ఆగస్టు చివర పెట్టినవి డిసెంబరు చివరికి, సెప్టెంబరువి సంక్రాంతికి అందుకుంటాయి. తారీకును నమ్ముకోకుండా ఒక తేగ తీసి ఇవి చూడండి:

బొటనవేలంత లావు, జానెడు పొడవు ఉందా? నొక్కితే గట్టిగా ఉందా? విరిస్తే ఫట్‌మని విరుగుతోందా? విరిచిన చోట తెల్లగా పిండి కనిపిస్తోందా? నాలుగూ అవునైతే అన్నీ తీసేయండి. సన్నగా, నీళ్ళోడుతూ ఉంటే రెండు వారాలు ఆగండి.

మట్టి పైకి పచ్చటి ఆకుమొన కనిపించిందంటే ఆలస్యమైనట్టే. తేగలో ఊరిన పిండినంతా ఆకు తాగేస్తుంది, పీచు మిగులుతుంది. గంటసేపు ఉడికినా పీచులాగే ఉన్నాయన్నవాళ్ళు చాలావరకు ఫాల్గుణం దాకా ఆగినవాళ్ళే. ఉడకబెట్టడంలో లోపం లేదు, తవ్వడంలో ఆలస్యం జరిగింది.

11. లాగకండి, కూల్చండి. టెంకను పట్టుకుని పైకి లాగితే కాడ తెగి తేగ లోపలే ఉండిపోతుంది. దిబ్బ ఒక పక్కనుంచి గునపంతో మట్టి జార్చుకుంటూ రండి, తేగలు నిలబడ్డట్టు కనిపిస్తాయి, ఒక్కొక్కటీ చేత్తో తీసుకోవచ్చు. డ్రమ్మైతే పక్కకు పడుకోబెట్టి ఇసుకంతా ఒలకబోయండి. తేగను టెంక నుంచి విరిచి, చివర వేరు తుంచేయండి. పైనున్న గోధుమరంగు పొర అలాగే ఉంచండి.

వెంటనే వండకపోతే తడి ఇసుకలో కప్పి నీడలో పెడితే వారం పదిరోజులు బాగుంటాయి. ఫ్రిజ్‌లో అయితే తడిగుడ్డ చుట్టి పెట్టండి.

నాలుగో భాగం: ఉడకబెట్టడం, కాల్చడం

పచ్చి తేగ తినకండి. చేదుగా ఉంటుంది, ఒంటికీ మంచిది కాదు. వేడి బాగా తగిలాకే తినాలి.

12. ఉడకబెట్టే పద్ధతి. తేగల్ని పొరతోనే రెండు మూడుసార్లు కడిగి, కుక్కర్లో పట్టేలా విరవండి. మునిగేటన్ని నీళ్ళు, చెంచాడు ఉప్పు, పావుచెంచా పసుపు వేసి ఆరు విజిళ్ళు. మామూలు గిన్నెలో అయితే మూతపెట్టి గంట. ఒకటి తీసి కత్తిమొన గుచ్చితే ఉడికిన చిలగడదుంపలో దిగినట్టు దిగాలి. కరకరలాడితే ఇంకో రెండు విజిళ్ళు. నీళ్ళు వెంటనే వంపేయండి, అందులోనే చల్లారనిస్తే తేగ చప్పబడుతుంది.

13. తంపట వేసే పద్ధతి. రుచి ఇందులోనే ఉంది, వీలున్నవాళ్ళు దీన్నే ఎంచుకోండి. కుండలో తేగల్ని నిలువుగా, కదలకుండా బిగించి నింపండి. మూతి దగ్గర పచ్చి ఆకులు కుక్కి, కుండను నేల మీద బోర్లించండి. చుట్టూ, పైనా ఎండాకులు, కొబ్బరి డొక్కలు, చితుకులు పేర్చి నిప్పంటించండి. మంట ఆరాక కుండను వెంటనే కదపకండి. నివురు కింద మరో అరగంట మగ్గనివ్వండి. మా అమ్మమ్మ సాయంత్రం తంపట వేసి, సంధ్యదీపం పెట్టి వచ్చాకే కుండ ఎత్తేది. ఎత్తగానే వచ్చే ఆ కమ్మటి వాసనకు వీధి పిల్లలంతా మా అరుగు మీదే ఉండేవాళ్ళు.

పొర నల్లబడి, ఒలిస్తే లోపల లేతపసుపు రంగులో ఉంటే సరిగ్గా కాలినట్టు. పొర కింద కూడా నల్లగా ఉంటే మంట ఎక్కువైంది.

14. నిప్పు వేయడానికి వీల్లేనివాళ్ళు పుల్కా జాలీ మీద, సన్నని మంటకు, తిప్పుతూ పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కాల్చండి. పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోవడం ఇక్కడి తప్పు. అందుకే నేను ముందు కుక్కర్లో మూడు విజిళ్ళు రానిచ్చి, తుడిచి, తర్వాత కాలుస్తాను. ఓవెన్ ఉంటే అల్యూమినియం రేకులో చుట్టి 200 డిగ్రీల మీద నలభై నిమిషాలు పెట్టి, కత్తితో గుచ్చి చూడండి.

15. తినడం. పొర ఒలిచి, పైకొస నుంచి రెండుగా చీల్చండి. మధ్యలో సన్నటి లేత మొలక ఉంటుంది, అదే చందమామ. మా ఇంట్లో దానికోసం ఇప్పటికీ పోటీ ఉంది. మిగతాది కొంచెం కొంచెంగా విరిచి, పీచు లాగేస్తూ నమలండి, నోట్లో మిగిలిన పీచు ఉమ్మేయండి. చిన్నపిల్లలకు పీచంతా తీసి, చిన్న ముక్కలు చేసి, పక్కన కూర్చుని పెట్టండి. పెద్దవాళ్ళకైనా పూటకు రెండు చాలు. ఎక్కువైతే పొట్ట బరువెక్కుతుంది. ఉప్పు, మిరియాల పొడి చల్లుకోవచ్చు. పచ్చికొబ్బరి ముక్కతో తింటే ఇంకా బాగుంటుంది.

ఉడికినవి బయట ఒక పూట, ఫ్రిజ్‌లో రెండు రోజులు. జిగురొస్తే పారేయండి.

ఎక్కువ పండితే: పిండి

ఉడికిన తేగలు ఒలిచి, చందమామ తీసి, చక్రాల్లా కోసి నాలుగైదు రోజులు ఎండబెట్టండి. చేత్తో విరిస్తే పుటుక్కుమనాలి, వంగితే ఇంకా తడుందని. మరపట్టించి, పీచు పోయేలా రెండుసార్లు జల్లించండి. ఈ పిండికి జిగట ఉండదు, ఒక్కదానితోనే రొట్టె చేయబోతే విరిగిపోతుంది. సగానికి సగం గోధుమపిండి కలిపి, వేడినీళ్ళతో తడపండి. నిలవ పెట్టేముందు పిండిని దోరగా వేయించి గాజు సీసాలో పోస్తే పురుగు పట్టదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఒక దారుంది. శ్రీలంక తమిళుల దుకాణాల్లో ఒడియల్ పిండి దొరుకుతుంది. అది తేగల పిండే, కానీ ఉడికించకుండా పచ్చిగా ఎండబెట్టి చేసింది. యాళ్‌పాణం (జాఫ్నా) వాళ్ళు దాన్ని నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి, గట్టిగా పిండేసి, చేదు పోయాకే కూళ్ (జావ) కాస్తారు. మీరూ అలాగే చేయండి, బాగా ఉడికించండి. ఉడికించి ఎండబెట్టిన ముక్కలు కావాలంటే పుళుక్కొడియల్ అని అడగండి.

కొనుక్కునేవాళ్ళకు

చలికాలంలో రోడ్డు పక్కన కట్టలుగా అమ్ముతారు. లావుగా ఉన్నవే మంచివనుకోకండి, ముదిరినవి కూడా లావుగానే ఉంటాయి. ఒకటి విరిచి చూపించమనండి. తీగల్లా పీచు సాగితే వద్దు. పైకొస నుంచి పచ్చటి ఆకు పొడుచుకొచ్చి ఉన్నా వద్దు.

దిబ్బ ఉన్నచోటే చెట్టు కావాలనుకుంటే, తవ్వేటప్పుడు నాలుగైదు టెంకల్ని కదపకుండా వదిలేయండి. ఆకు వేశాక పీకి వేరేచోట నాటబోతే బతకడం కష్టం, అందుకే మరోచోట కావాలంటే మీకు చెట్టు కావాలనుకున్న చోటే, చెరువు గట్టు మీదో, పొలం గట్టు మీదో, విడిగా నాలుగు టెంకలు ఆగస్టులోనే పాతిపెట్టండి. కాపుకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. పోతుదో పెంటిదో అప్పటిదాకా తెలియదు కాబట్టి ఒక్కటి కాకుండా నాలుగు. మా ఊరి కాలవగట్టున రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన తాటిచెట్ల స్థానంలో నేను పోయిన మూడేళ్ళుగా పాతుతున్నాను. మొదటి ఏడువి ఇప్పుడు మోకాలెత్తున ఉన్నాయి.